స్వాబు బాగుంది, మూతతోనే తంటా: ఫ్లూ శాంపిల్ కిట్టు సమీక్ష

శ్రీకాకుళం జిల్లాలో ఫ్లూ నిఘాకు శాంపిళ్లు తీసే పీహెచ్‌సీలకు, ఏరియా ఆసుపత్రులకు పనికొస్తుందా లేదా అని చూసిన కిట్టు ఇది. డబ్బాకు 50 వస్తాయి. ఒక్కోదాంట్లో 3 మి.లీ. గులాబీ రంగు వీటీఎం (దారిలో వైరస్ చెడకుండా కాపాడే ద్రవం) ఉన్న గొట్టం, ముక్కుకు సన్న స్వాబు, గొంతుకు కాస్త లావుది, ఒక జిప్ సంచీ. ల్యాబు బల్ల మీద ఏ కిట్టయినా బాగానే కనిపిస్తుంది. ఇచ్ఛాపురంలో తీసిన శాంపిలు రెండొందల కిలోమీటర్లు దాటి విశాఖ చేరాక ఎలా ఉందన్నదే లెక్క.

స్వాబులకు వంక పెట్టలేం. నైలాన్ కుచ్చు, ప్లాస్టిక్ పుల్ల. చెక్కపుల్ల దూది స్వాబులు, కాల్షియం ఆల్జినేట్ స్వాబులు పీసీఆర్‌ను, అంటే వైరస్ జన్యువును పట్టే పరీక్షను, చెడగొడతాయి. నాలుగు డబ్బులు తగ్గాయని అవి కొంటే తక్కిన ఖర్చంతా బూడిదలో పోసినట్టే. సన్నది చక్కగా వంగుతుంది. ముక్కు నుంచి చెవి తమ్మెకున్న దూరంలో సగం దాకా పోనిచ్చి, కొన్ని క్షణాలు ఆపి, తిప్పుతూ తీయాలి. గొంతు స్వాబుతో పాటు రెండూ ఒకే గొట్టంలో వేయొచ్చు. సరిగ్గా తీశారో లేదో ల్యాబులో తెలిసిపోతుంది: మనిషి కణాల్లో ఎప్పుడూ ఉండే ఆర్‌నేస్ పి జన్యువు కూడా రాలేదంటే స్వాబు ముక్కు అంచుల్లోనే తిరిగిందని అనుమానించాలి. అలాంటి శాంపిలు 'నెగెటివ్' కాదు, లెక్కలోకే రాదు.

తంటా మూతతో. గొంతు స్వాబుకు విరుపు గీత కాస్త పైన పెట్టారు. విరిచాక పుల్ల గొట్టం అంచు దాటి ఉంటుంది, మూత సగం మరలే తిరుగుతుంది. దారి కుదుపులకు వీటీఎం కారి సంచీలోకి వస్తుంది, అట్ట లేబులు నాని ఊడుతుంది, ఎవరి గొట్టమో తెలియదు. శుభ్రమైన కత్తెరతో పుల్ల పొట్టిగా కత్తిరించి, మూత చుట్టూ పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుడితే గట్టెక్కుతాం. ఆ పని కిట్టు చేసినవాడు చేయాల్సింది. సంచీలో పీల్చుకునే దూది కూడా లేదు. మూడు పొరల ప్యాకింగుకు (గొట్టం, సంచీ, బయటి పెట్టె) అది తప్పనిసరి, విడిగా కొనుక్కోవాలి.

లేబుల్‌పై పేరు, వయసు, శాంపిల్ తేదీ ఉన్నాయి గానీ జ్వరం మొదలైన తేదీకి చోటే లేదు. ఇది చిన్న లోపం కాదు. 38 డిగ్రీల సెల్సియస్, ఆపైన జ్వరం, దగ్గు, మొదలై 10 రోజుల లోపు: ఈ మూడూ ఉంటేనే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలో ఐఎల్‌ఐ, అంటే ఫ్లూ లాంటి జబ్బు. ఉత్త రొంప చాలదు. మొదటి మూడు నాలుగు రోజుల్లో తీసిన స్వాబుకే వైరస్ బాగా చిక్కుతుంది.

చలి సంగతి కిట్టు చేతిలో లేదు, అయినా ఎక్కువ శాంపిళ్లు పాడయ్యేది అక్కడే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి 72 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. అంతకు మించితే మైనస్ 70 కావాలి, అది మన పీహెచ్‌సీలో ఉండదు. పోనీ అని టీకాల డీప్ ఫ్రీజర్‌లో పెట్టేస్తారు. మైనస్ 20లో వైరస్ చచ్చి కల్చర్‌కు (ల్యాబులో వైరస్‌ను పెంచడానికి) పనికిరాదు. టీకా క్యారియర్ చాలు. ఐస్ ప్యాకులు మాత్రం ఫ్రీజర్లోంచి తీసి నేరుగా పెట్టొద్దు, గోడ పక్క గొట్టాలు గడ్డకడతాయి. ఊపితే లోపల నీళ్ల చప్పుడు వచ్చేదాకా బయట ఉంచాలి. శుక్ర, శనివారాలు స్వాబులు తీయకపోతే ఆదివారం బెడద ఉండదు. మన దగ్గర ఫ్లూ రెండోసారి పెరిగేది వానాకాలం వెనక, అంటే తుపాన్ల రోజుల్లోనే. 2018 అక్టోబరు తిత్లీ గుర్తున్నవాళ్లకు పలాస వైపు కరెంటు గురించి చెప్పక్కర్లేదు. ఐస్ ప్యాకులు రెండో సెట్టు ఉంచుకోండి.

మా మార్కు 5కి 3. కొనేముందు ఐదు గొట్టాలు తెచ్చి, స్వాబులు విరిచి వేసి, మూత బిగించి, బ్లాటింగ్ కాగితం మీద గంటసేపు తలకిందులుగా పెట్టండి. ఒక్కటి తడిచినా ఆ లాటు వద్దనండి. రంగు పసుపుగా మారినవి, మబ్బుగా ఉన్నవి పారేయాలి. వారానికి 10 శాంపిళ్లయితే ఏడాదికి 520, అంటే 11 డబ్బాలు. ఒకేసారి తెప్పిస్తే కొన్ని గడువు దాటిపోవచ్చు. మూణ్నెల్లకు మూడేసి డబ్బాలు తెప్పించుకోండి.