లేవీయకాండంలోని కుష్ఠు: పాపమా, చాడీలా, చావా?

బైబిల్లో కుష్ఠురోగి గురించిన నియమాలున్న లేవీయకాండము 13వ అధ్యాయం మీద ప్రసంగం అంటే సగం మనకి ముందే తెలుసు. కుష్ఠు అంటే పాపం, చిన్న మచ్చతో మొదలై ఒళ్లంతా పాకుతుంది, పాపి పాళెం (ఇశ్రాయేలీయుల గుడారాల విడిది) వెలుపలే ఉండాలి. వినడానికి బాగానే ఉంటుంది. బైబిలు తెరిచి పెట్టుకుని వింటేనే చిక్కు.

12, 13 వచనాలు చూడండి. పొడ తలనుంచి పాదాలదాకా వ్యాపించి మనిషి మొత్తం తెల్లబడిపోతే యాజకుడు ఏమనాలి? "పవిత్రుడు" అనాలి! నిలువునా పాపంలో మునిగినవాడు పవిత్రుడెలా అవుతాడు? పూర్తిగా ఒప్పుకున్నవాడికి క్షమాపణ అని కొందరు సర్దుతారు. అది వచనంలోంచి వచ్చిన మాట కాదు, పైనుంచి తొడిగిన చొక్కా.

అసలు ఆ రోగం మనం అనుకునే కుష్ఠు అని చెప్పడమే కష్టం. హీబ్రూలో దాని పేరు సారాఅత్. అది బట్టకీ, తోలుకీ, ఇంటి గోడకీ కూడా వస్తుంది. 1873లో హాన్సెన్ కనిపెట్టిన కుష్ఠు క్రిమి గోడలకి పట్టదు కదా. స్పర్శ పోవడం గురించి ఆ అధ్యాయంలో ఒక్క మాటా లేదు. మన బైబిల్లో "కుష్ఠు" అని పడింది, దానికి "పాపం" జోడైంది, భారం మాత్రం నిజంగా కుష్ఠు వచ్చినవాళ్ల మీద పడింది. మన దేశంలో క్రైస్తవుల చట్టంతో సహా పలు వివాహ చట్టాల్లో కుష్ఠు విడాకులకి ఒక కారణంగా ఉండేది. దాన్ని తీసేసింది 2019లో.

ఇదంతా అంటురోగాల జాగ్రత్త అనే వాదన ఇంకా తొందరగా వీగిపోతుంది. గోడకి మచ్చ కనబడితే యాజకుడు రాకముందే సామానంతా బయట పెట్టించాలి, ఆయన చూస్తే అదీ అపవిత్రమవుతుంది కాబట్టి (14:36). యాజకుడు వచ్చి చెప్పేదాకా ఆగే అంటురోగం ఎక్కడైనా ఉందా?

యూదు రబ్బీల దారి వేరు. వాళ్ల బోధల సంకలనమైన తల్మూదులో ఆరాఖీన్ అనే భాగం దీన్ని నోటి తప్పుకి ముడిపెడుతుంది. మోషేని ఆడిపోసుకున్న అతని అక్క మిర్యాముకి అదే రోగం వచ్చింది కదా (సంఖ్యాకాండము 12). చాడీలు చెప్పి మొగుడూ పెళ్లాలనీ స్నేహితులనీ విడదీసినవాడు కాబట్టి తానూ విడిగా కూర్చోవాలట. శుద్ధికి పిట్టలే ఎందుకంటే, అవి కిచకిచలాడుతూనే ఉంటాయి గనుక! నాకు భలే నచ్చే మాట ఇది. మన వాట్సాప్ గ్రూపులకి సరిగ్గా సరిపోతుంది. కానీ లేవీయకాండములో యాజకుడు మచ్చ లోతు చూస్తాడు, వెంట్రుక రంగు చూస్తాడు, ఏడేసి రోజులు ఆగి మళ్లీ చూస్తాడు. ఎవరి గురించి ఏం మాట్లాడావని ఒక్కసారీ అడగడు.

వచనానికి దగ్గరగా నిలబడేది మూడోది. లేవీయకాండము మీద పెద్ద వ్యాఖ్యానం రాసిన జేకబ్ మిల్‌గ్రోమ్ దీన్ని చావు నీడ అంటాడు. మిర్యాముని చూసి మోషే అన్న అహరోను అన్నది కూడా అదే: చచ్చి పుట్టిన శిశువులా ఉండనీయకు. రోగి బట్టలు చింపుకోవాలి, తల విరబోసుకోవాలి, పై పెదవి కప్పుకోవాలి (13:45). ఇవి ఇశ్రాయేలులో చావు ఇంటి గుర్తులు. మనిషి తన చావుకి తానే మైల పట్టినట్టు. దీనికీ ఒక ముల్లు ఉంది: 14వ అధ్యాయంలో అపరాధపరిహారార్థ బలి ఎందుకు అడిగారో ఇది పూర్తిగా తేల్చదు. పాపం అనేవాళ్ల చేతిలో గట్టి ఆధారం అదే, ఒప్పుకోవాలి.

అయినా నా ఓటు దీనికే, ముఖ్యంగా తిరిగి వచ్చే రోజు చూశాక. యాజకుడు రోగం నయం చేయడు. నయమైందని తెలిశాక తానే పాళెం వెలుపలికి వెళతాడు. పారే నీటిపైన మట్టి పాత్రలో ఒక పిట్టని చంపుతారు. రెండోదాన్ని ఆ రక్తంలో ముంచి, నయమైనవాడి మీద ఏడుసార్లు ప్రోక్షించి, పొలంవైపు ఎగరనిస్తారు. ఏడో రోజున జుట్టు, గడ్డం, కనుబొమ్మలతో సహా గీయించుకుంటాడు, పురిటిబిడ్డలాగా. ఎనిమిదో రోజు బలిచ్చిన గొర్రెపిల్ల రక్తం అతని కుడిచెవి తమ్మెకి, కుడిచేతి బొటనవేలికి, కుడికాలి బొటనవేలికి రాస్తారు. అహరోనుని యాజకుడిగా చేసినప్పుడు రక్తం పూసింది ఆ మూడు చోట్లే (8:23). బీదవాడైతే మూడు గొర్రెపిల్లల బదులు ఒక్కటి, రెండు గువ్వలు తెస్తే చాలు. చెవికీ చేతికీ కాలికీ రాసేది మాత్రం అతనికీ అంతే.