అరిగిన లారీ ఇంజన్: ఇంటి దగ్గర విప్పుకోవడమా, షెడ్డుకు ఇవ్వడమా, పాత ఇంజన్ కొనడమా – ఏది మేలు?

లోడు బండి ఎత్తు ఎక్కలేక గేరు మీద గేరు తగ్గించుకోవాల్సి రావడం, ఎంత ఆయిల్ పోసినా గేజీ పుల్ల మీద మట్టం నిలవకపోవడం, స్టార్టింగులో ఉన్న ఇంజన్ మీద ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుగుప్పున ఎగదన్నడం, ఈ మూడూ కలిసి కనిపించాయంటే ఇంజన్ విప్పి బాగు చేయించాల్సిన దశకు వచ్చిందని అర్థం. మెకానిక్కులు ఆ పొగనే బ్యాక్ కంప్రెషన్ అంటారు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గొట్టాలైన లైనర్లు అరిగిపోయి, సిలిండర్‌లో మండిన గ్యాసు పిస్టన్ పక్క నుంచి కిందికి దిగి ఛాంబర్‌లో, అంటే అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో చేరడం వల్ల అది వస్తుంది. వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి, భూపాలపల్లి వైపు ఒకటి రెండు బండ్ల మీద బతికే యజమానులకు అప్పుడు మూడు దారులు కనిపిస్తాయి: తెలిసిన మెకానిక్కును పిలిచి ఇంటి దగ్గరే విప్పించి చేసుకోవడం, బండిని షెడ్డులో అప్పగించడం, ఎక్కడైనా పాత ఇంజన్ కొని తెచ్చి ఎక్కించడం. ఇంజన్ పాత తరహా మెకానికల్ పంపుది (డీజిల్ పంపు కంప్యూటర్ లేకుండా నడిచేది) అయి, కొలతలు తీయగల మనిషి దొరికి, కొన్ని వారాలు బండి ఆపుకోగలిగితే ఇంటి దగ్గరి పనే మేలని నా అభిప్రాయం. ఈ షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా నమ్మకమైన షెడ్డే మేలు. పాత ఇంజన్ కొనడం చివరి మాటగానే ఉండాలి.

ఏ దారి పట్టినా, ఇంజన్ నిజంగానే అరిగిందా అన్నది ముందు తేల్చుకోవాలి. కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లోనో, సింగరేణి ఓపెన్‌కాస్టుల దగ్గరో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి నల్ల పొగ రావచ్చు. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు చెడినా నల్ల పొగే వస్తుంది. టర్బో సీలు పోతే ఆయిల్ ఖర్చు పెరిగి నీలి పొగ వస్తుంది, దాన్ని చూసి రింగులు పోయాయనుకొని ఇంజన్ దింపినవారు ఉన్నారు. నాజిల్ రంధ్రంలో గేజీ బిగించి ఒక్కొక్క సిలిండర్ కంప్రెషన్ చూడటం గంటల్లో అయిపోయే పని. మంచి డీజిల్ ఇంజన్‌లో అది దాదాపు 25 బార్, ఆపైన ఉంటుంది. అయితే ఆ అంకె కంటే సిలిండర్ల మధ్య తేడానే ఎక్కువ చెబుతుంది. ఐదు సిలిండర్లు బాగుండి ఒక్కటే పడిపోతే లోపం వాల్వుల్లో ఉండే అవకాశం ఉంది, అప్పుడు వాల్వులు ఉండే పైమూత, అంటే హెడ్డు పనితోనే బయటపడవచ్చు.

ఇక ఖర్చు సంగతి. ఇంటి దగ్గర చేసుకుంటే సగానికి సగం మిగులుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు లెక్క. పిస్టన్లు, రింగులు, లైనర్లు, బేరింగులు, గ్యాస్కెట్ సెట్టు ఎవరు కొన్నా దుకాణంలో డబ్బు పెట్టే కొనాలి. బోరు కొట్టించడం (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రాన్ని చెక్కి సరిచేయడం), పిస్టన్లు తిప్పే ఇరుసు అయిన క్రాంకు గ్రైండింగు, హెడ్డు ఫేసింగు, వాల్వు సీట్లు కట్ చేయించడం ఇంట్లో అయ్యే పనులు కావు, అవి ఎలాగూ లేతు షాపుకే వెళ్తాయి. షెడ్డువాళ్లు కూడా వాటిని అక్కడికే పంపిస్తారు. ఫ్యూయల్ పంపును కాలిబ్రేషన్ బెంచీ ఉన్న పంపు షాపుకు పంపక తప్పదు. అంటే ఇంటి దగ్గర నిజంగా మిగిలేది విప్పి బిగించే కూలి, సామాను మీద మధ్యవర్తి వేసుకునే మార్జిను మాత్రమే. ఆ మిగులు చిన్నదేమీ కాదు, కానీ ఇంటి పనిలో అసలు లాభం వేరే చోట ఉంది. ఏ సామాను పడిందో, ఏ కంపెనీది పడిందో, పాతదాన్నే కడిగి మళ్లీ ఎక్కించారో కళ్లతో చూసే అవకాశం యజమానికి దక్కుతుంది, పని నాణ్యత మీద అతనికి పట్టు వస్తుంది.

ఆ పట్టు నిలిచేది కొలతల దగ్గరే. విప్పడం, బిగించడం చేయి తిరిగినవాళ్లు ఎంతోమంది చేస్తారు. ఇంజన్ బతుకు మాత్రం మైక్రోమీటరు, బోరు గేజీ, ఫీలర్ గేజీ, టార్క్ రెంచ్ చూపించే అంకెల మీద ఆధారపడి ఉంటుంది. హెడ్డు దించగానే లైనర్ పైఅంచు నుంచి కొంచెం కిందికి గోరు జారిస్తే, పై రింగు ఆగే చోట మెట్టు తగులుతుంది. ఆ మెట్టు ఎంత లోతుగా ఉంటే లైనర్ అంత అరిగినట్టు. కానీ గోటితో తెలిసేది అరిగిందన్న సంగతే, ఎంత అరిగిందో బోరు గేజీ పెట్టి పైన, నడుమ, కింద, అడ్డంగా, నిలువుగా కొలిస్తేనే తెలుస్తుంది. బేరింగులూ అంతే. పైన ఉన్న బూడిదరంగు పొర పోయి రాగి రంగు బయటపడితే పని అయిపోయినట్టే, అయినా కొత్త బేరింగు ఏ సైజుది వేయాలో చెప్పేది క్రాంకు కొలతే. క్రాంకు అరుగుదలను బట్టి లేతులో 0.25 మి.మీ., 0.50 మి.మీ., ఇలా మెట్టు మెట్టుగా గ్రైండింగు చేసి, అదే అండర్‌సైజు బేరింగులు వేస్తారు. బేరింగుకు, క్రాంకుకు మధ్య ఆయిల్ పొర నిలవడానికి ఉండాల్సిన సందు సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు, లేదా అంతకంటే తక్కువే ఉంటుంది. చేత్తో ఊపి చూసి చెప్పే అంచనా అక్కడ పనికిరాదు. లేతు షాపు నుంచి వచ్చిన క్రాంకును, బోరును మళ్లీ కొలవకుండా బిగించేవాడి చేత ఇంటి దగ్గర పని చేయించడం కంటే బండిని షెడ్డుకు తోలడమే క్షేమం.

ఇంటి దగ్గర పనికి మరో అడ్డంకి శుభ్రత. వాకిట్లో, చెట్టు కింద ఇంజన్ విప్పడం మన దగ్గర మామూలే. అయితే మే నెల గాలి దుమారంలో కడిగిన బ్లాక్ మీద పడే దుమ్ము, రింగులను లోపలి నుంచి ఆకురాయిలా అరగదీస్తుంది. సిమెంటు నేల, మూసుకునే తలుపు ఉన్న రేకుల గది లేకపోతే బిగింపు పని ఇంటి దగ్గర పెట్టుకోకూడదు. హానింగు చేసిన (రాయితో సన్నటి గీతలు పడేలా రుద్దిన) బోరును డీజిల్‌తో తుడిస్తే చాలదు, సబ్బు నీళ్లతో, బ్రష్షుతో రుద్ది కడిగి, తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడని దాకా ఆగి, వెంటనే ఆయిల్ పూయాలి. వాన రోజుల్లో పూయకుండా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు పడుతుంది. మెయిన్ బేరింగు క్యాపులు, కనెక్టింగ్ రాడ్డు క్యాపులు విప్పేటప్పుడే వాటి నంబర్లు చూసుకోవాలి, లేకపోతే వరుస ప్రకారం పంచ్ గుర్తులు వేసుకోవాలి. ఒకదాని క్యాపు ఇంకోదానికి పడితే ఇంజన్ తిరగనైనా తిరగదు, తిరిగినా నిలవదు.

ఎత్తడం గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. కమిన్స్ 6బీటీ లాంటి ఆరు సిలిండర్ల ఇంజన్ నాలుగు క్వింటాళ్ల పైనే తూగుతుంది. వేపకొమ్మకు చైన్ పుల్లీ వేలాడదీసి దాన్ని దింపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. గట్టి ఇనుప పైపుల స్టాండు, తగిన టన్నుల చైన్ పుల్లీ అద్దెకు దొరకకపోతే, దింపి ఎక్కించడం మాత్రం షెడ్డులో చేయించుకొని, మిగతా పని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఈ మధ్యేమార్గం ఎవరూ పెద్దగా ఆలోచించరు కానీ చాలా సందర్భాల్లో ఇదే సరైనది.

ఇంజన్ రకాన్ని బట్టి కూడా తీర్పు మారుతుంది. వెట్ లైనర్ (చుట్టూ నీళ్లు తగిలే విడి లైనర్) ఇంజన్ అయితే లైనర్లు బ్లాక్ నుంచి బయటికి వస్తాయి. కొత్త రబ్బరు రింగులతో కొత్త లైనర్లు దించి, బ్లాక్ మట్టం కంటే లైనర్ అంచు ఎంత పైకి ఉందో డయల్ గేజీతో చూసుకుంటే సరిపోతుంది, బోరింగు అవసరం ఉండదు. ఇంటి దగ్గరి పనికి ఇంతకంటే అనుకూలమైనది లేదు. టాటా లారీల్లో చాలా ఏళ్లు వచ్చిన 5.9 లీటర్ల 6బీటీకి లైనర్లే ఉండవు, పిస్టన్లు నేరుగా బ్లాక్ బోరులోనే ఆడతాయి. కాబట్టి బోరు అరిగితే బ్లాక్ మొత్తాన్ని లేతు షాపుకు మోసుకెళ్లి ఓవర్‌సైజుకు బోరు కొట్టించక తప్పదు. టాటా 407 మీద కనిపించే 497 ఇంజన్ నాలుగు సిలిండర్లది, 97 మి.మీ. బోరుది. సామాను ప్రతి ఊళ్లో దొరుకుతుంది, పని తెలిసిన చేతులూ దొరుకుతాయి, మొదటిసారి ఇంటి దగ్గర చేయించుకోవాలనుకునేవారికి అది సరైన ఇంజన్. పొగ కాలుష్యానికి ప్రభుత్వం పెట్టిన ప్రమాణాల్లో 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్ల సంగతి వేరు. కామన్ రైల్, అంటే అన్ని సిలిండర్లకూ ఒకే పైపు నుంచి కంప్యూటర్ అదుపులో డీజిల్ పంపే పద్ధతిలో, పైపుల్లో డీజిల్ వెయ్యి బార్‌కు మించిన ఒత్తిడితో ఉంటుంది, సెన్సర్లు, ఇంజెక్టర్ కోడింగు, బీఎస్-6లో పొగగొట్టం దగ్గరి శుద్ధి వ్యవస్థ అన్నీ స్కానర్‌తో ముడిపడినవి. వాటిని ఇంటి దగ్గర విప్పవద్దు.

షెడ్డులో మేలు ఏమిటంటే వేగం, పనిముట్లు, ఒక పెద్ద మేస్త్రీ బాధ్యత. ఫైనాన్సు వాయిదా నెల నెలా కట్టాల్సిన పన్నెండు చక్రాల బండికి రోజుకు పోయే కిరాయి ముందు కూలి మిగులు ఎంత మాత్రం? అక్కడ నష్టపోయేదల్లా చూసుకోని యజమాని. పని ఒప్పుకునేటప్పుడే సామాను కంపెనీ పేర్లు కాగితం మీద రాయించుకోవాలి. తీసేసిన పాత సామాను మొత్తం తిరిగి ఇవ్వాలని, క్రాంకు, బోరు కొలతలు చూపించాలని, పంపు షాపు రిపోర్టు ఇవ్వాలని అడగాలి. మంచి మేస్త్రీ వీటికి నొచ్చుకోడు, నొచ్చుకునేవాడి దగ్గర బండి వదలకూడదు.

షెడ్డుల్లో తరచుగా వినిపించే ఇంకో మాట హాఫ్ ఇంజన్ పని. క్రాంకు ముట్టకుండా, బండి మీదే హెడ్డు, ఛాంబర్ తీసి, రింగులు మార్చి, బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టే చోటి) బేరింగులు వేసి మూసేస్తారు. ఖర్చు, రోజులు రెండూ తగ్గుతాయి. బోరు కొలత మాన్యువల్ పరిమితిలో ఉండి, ఆయిల్ ప్రెషర్ బాగున్న ఇంజన్‌కు ఇది న్యాయమైన పనే. కానీ అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిన బోరులో కొత్త రింగులు కుదురుకోవు. మళ్లీ ఆయిల్ తాగుతుంది, అప్పుడు ఫుల్ పనిని రెండోసారి కూలి ఇచ్చి చేయించాల్సి వస్తుంది. వేడికి ఆయిల్ ప్రెషర్ పడిపోతున్న బండికి హాఫ్ పని ఒప్పుకోవద్దు, అక్కడ లోపం క్రాంకు దగ్గరో ఆయిల్ పంపు దగ్గరో ఉంటుంది.

పాత ఇంజన్ విషయానికొస్తే, విజయవాడ, హైదరాబాద్ ఆటోనగర్లలో తుక్కు బండ్ల ఇంజన్లు దొరుకుతాయి. ప్రమాదంలో నుజ్జయిన బండిది అయితే మంచి ఇంజన్ దొరికే అవకాశం ఉంది. కానీ నడిపి చూసే వీలు సాధారణంగా ఉండదు, బయట రంగు వేసి ఉంటుంది, లోపల ఏముందో తెలియదు. అమ్మేవాడు ఛాంబర్ విప్పి ఒక్క బేరింగు చూపించడానికి ఒప్పుకోకపోతే కొనకూడదు. చట్టం వైపు నుంచి కూడా జాగ్రత్త అవసరం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం ఇంజన్ మార్చిన సంగతిని 14 రోజుల్లోపు రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసి ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. ఆర్సీలోని ఇంజన్ నంబరు, బ్లాక్ మీద నంబరు వేరైతే ఇన్సూరెన్స్ క్లెయిము దగ్గర, ఫిట్‌నెస్ దగ్గర, బండి అమ్మే దగ్గర చిక్కే. కొన్న ఇంజన్‌కు బిల్లు, దాని పాత బండి కాగితాల నకలు లేకపోతే దొంగ సొత్తు అనే అనుమానం కూడా తోడవుతుంది. సొంత బ్లాక్‌ను బాగు చేయించుకుంటే ఈ బెడద ఏదీ ఉండదు.

ఇంటి దగ్గర చేయాలనుకునేవారు కాలం చూసుకోవాలి. అక్టోబరు నుంచి పత్తి, వానాకాలం వడ్లు, ఫిబ్రవరి తర్వాత మిర్చి, ఆ వెంటనే యాసంగి వడ్లు రావడంతో వరంగల్ ఏనుమాముల మార్కెట్ చుట్టూ, మిల్లుల చుట్టూ బండ్లకు చేతి నిండా పని ఉంటుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా సరుకు తగ్గుతుంది, గోదావరికి నీళ్లు వస్తే ఇసుక రవాణా ఆగుతుంది. బండి ఆగినా పెద్దగా నష్టం లేని ఆ రోజుల్లో లేతు షాపు వాళ్లను తొందరపెట్టకుండా, కొలత కుదరని సామాను వెనక్కి ఇచ్చి మార్చుకుంటూ పని చేసుకోవచ్చు. షెడ్డుకు ఇచ్చేవారికి ఈ పట్టింపు అంతగా అక్కర్లేదు.

పని ఎక్కడ అయినా మొదటి స్టార్టింగుకు ముందు డీజిల్ కట్ చేసి, ఆయిల్ ప్రెషర్ మీటరు కదిలేదాకా సెల్ఫ్ కొడుతూ ఆపుతూ తిప్పాలి. ఆ తర్వాత కొందరు రాత్రంతా స్లోలో వదిలేస్తారు. అది మంచిది కాదు. లోడు లేకుండా గంటల తరబడి ఆడితే బోరు గోడలు నున్నగా మెరుగెక్కి రింగులు కుదురుకోవు. కొద్దిపాటి లోడుతో, ఇంజన్‌ను మరీ గుంజకుండా, మరీ ఉరికించకుండా నడిపి, మొదటి ఆయిల్, ఫిల్టర్ తొందరగా మార్చాలి.

కాబట్టి 407 లాంటి చిన్న బండి, నేషనల్ పర్మిట్ వయసు దాటి ఊరి చుట్టూ ఇటుక, ఇసుక తోలుకునే పాత మెకానికల్ పంపు లారీ ఉన్నవారు, కొలిచే మేస్త్రీ దొరికితే ఇంటి దగ్గరే విప్పించుకోవాలి. వాయిదాలున్న బండి, కామన్ రైల్ బండి షెడ్డుకే వెళ్లాలి. కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాక్ చీల్చుకొని బయటికి వచ్చినప్పుడు మాత్రం పాత ఇంజన్ వెతుక్కోవచ్చు. అప్పుడు కూడా తెచ్చిన రోజే ఎక్కించకుండా, ఛాంబర్, హెడ్డు దించి బేరింగులు, బోరు కొలిపించి, కొత్త గ్యాస్కెట్లు, ఆయిల్ సీళ్లు వేయించిన తర్వాతే బండి మీదికి ఎక్కించాలి.