క్లచ్ గట్టిగా ఉందా? లివర్ మార్చడం మేలా, వైరు మార్చడం మేలా?

“అన్నా, క్లచ్ పట్టలేకపోతున్నాను, అడ్జస్టబుల్ లివర్ వేయించెయ్యనా?” విజయనగరం కోట జంక్షన్ దగ్గర ఆగి ఆగి నడిపేవాళ్లూ, ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కేవాళ్లూ తరచూ అడిగే ప్రశ్న ఇదే.

ముందు ఏది ఇబ్బందో తేల్చుకోండి. వేళ్లు లివర్‌కి అందకపోవడం వేరు, అందినా లాగలేకపోవడం వేరు. అడ్జస్టబుల్ లివర్ అంటే అంకెలున్న మీట తిప్పి గ్రిప్‌కి దగ్గరగానో దూరంగానో జరుపుకునే లివర్, మొదటిదానికి అదే మందు. లోపలి స్ప్రింగు బలాన్ని అది తగ్గించదు.

లాగలేకపోతుంటే నా ఓటు క్లచ్ వైరుకే. ఇంజిన్ వైపు కొన ఊడదీసి లోపలి తీగను చేత్తో అటూ ఇటూ లాగి చూడండి. సులువుగా జారకపోతే దోషం వైరుదే. కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి తీగ తొందరగా తుప్పు పడుతుంది. హ్యాండిల్ మార్చాక వైరు ఎక్కడైనా మరీ వంపు తిరిగినా అంతే, బండి కొత్తదైనా సరే. కంపెనీ వైరు వందల్లోనే వస్తుంది. అది వేయించి, లివర్ బోల్టుకి కాస్త గ్రీజు పెట్టిస్తే చాలామందికి ఇంకేమీ అక్కర్లేదు. లోపల టెఫ్లాన్ పూత ఉన్న వైరుకి మాత్రం నూనె పొయ్యకండి.

వేళ్లు చిన్నవైతే అడ్జస్టబుల్ లివర్ నిజంగా మేలే. వేలి కొనలతో కాకుండా వేళ్ల మధ్య కణుపులతో పట్టుకోగలరు కాబట్టి బరువు కూడా తగ్గినట్టుంటుంది. కానీ లివర్‌ని గ్రిప్‌కి దగ్గర చేసిన కొద్దీ లాగే దూరం తగ్గిపోతుంది. క్లచ్ పూర్తిగా విడవకముందే లివర్ గ్రిప్‌ని తాకితే గేరు కటకటమంటుంది, న్యూట్రల్ పడదు, ప్లేట్లు అరిగిపోతాయి. అందుకే ఫ్రీ ప్లే, అంటే క్లచ్ విడవడం మొదలయ్యేలోపు లివర్ వదులుగా కదిలే దూరం, సరిచేశాకే దగ్గర చెయ్యాలి. హోండా బండ్ల మాన్యువల్లో లివర్ కొన దగ్గర 10 నుంచి 20 మి.మీ. అని ఉంటుంది. దాన్ని తక్కువ వైపు, 10 దగ్గరే పెట్టించండి. ఫ్రీ ప్లే మొత్తం తీసేస్తే క్లచ్ జారి కాలిపోతుంది.

ఇంజిన్ దగ్గర వైరు లాగే ఆర్మ్ పొడవు పెంచే ముక్కలూ అమ్ముతున్నారు. లాగడం తేలికవుతుంది, నిజమే. తేలికైన మేరకు లోపల ప్లేట్లు విడిపోయే దూరం తగ్గుతుంది. ఘాట్‌లో తిరిగే బండికి నేను వద్దంటాను. క్లచ్‌లో మెత్తటి స్ప్రింగులు వేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారుతుంది. రెండు వేళ్ల పొట్టి లివర్లు చూడ్డానికే, పట్టు పొట్టిదయ్యేసరికి ఇంకా గట్టిపడతాయి. కొత్త బండే కొంటుంటే అసిస్ట్ క్లచ్ (లివర్ తేలిగ్గా లాగేలా చేసిన క్లచ్) ఉన్నది చూడండి. యమహా ఆర్15కి 2018 నుంచీ ఉంది, తేడా చేతికే తెలుస్తుంది.

లివర్ మార్పిస్తే షాపు వదలకముందే రెండు చూసుకోండి. క్లచ్ స్విచ్ ఉన్న బండైతే గేరులో ఉండగా లివర్ నొక్కి స్టార్ట్ అవుతోందా? ఇంజిన్ వేడెక్కాక చదును నేల మీద ఫస్ట్ గేరు వేసి లివర్ పూర్తిగా నొక్కి ఉంచితే బండి కదలకుండా ఉంటోందా? ముందుకి పాకుతుంటే లివర్‌ని గ్రిప్‌కి ఒక అంకె దూరంగా జరిపించండి.