షూర్ ఎస్‌ఎం58: రోజూ పాడేవాళ్ల చేతిలో ఈ మైకు ఎలా పనిచేస్తుంది

వారానికి మూడు నాలుగు చోట్ల పాడేవాళ్లకు చోటు మారినప్పుడల్లా అన్నీ మారిపోతాయి. స్పీకర్లు మారతాయి, మైకుల ధ్వనిని సర్ది స్పీకర్లకు పంపే మిక్సరు మారుతుంది, దాని ముందు కూర్చునే మనిషి మారతాడు, గది గోడలు మారతాయి. గొంతు తర్వాత మారకుండా వెంట తీసుకెళ్లగలిగేది మైకు ఒక్కటే. షూర్ ఎస్‌ఎం58ని ఈ లెక్కలోనే చూడాలి. దీనికన్నా స్పష్టంగా, తేటగా వినిపించే మైకులు ఉన్నాయి. కానీ నిన్నటి వేదిక మీద ఎలా పలికిందో ఇవాళ కొత్తచోట కూడా అలాగే పలికే మైకు కావాలంటే మొదట కొనాల్సింది ఇదే.

ఇది 1966లో వచ్చింది. పేరులోని ఎస్‌ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్. స్టూడియో కోసం పుట్టి వేదిక మీద స్థిరపడింది. లోపల ఉన్నది డైనమిక్ క్యాప్సూల్. పల్చటి పొర, దానికి అతికిన తీగచుట్ట, దగ్గర్లో అయస్కాంతం. గొంతు నుంచి వచ్చిన ధ్వని పొరను కదిపితే తీగచుట్ట కూడా కదిలి కరెంటు పుడుతుంది. బ్యాటరీతో పనిలేదు. మిక్సరు నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా అక్కర్లేదు. వేరే మైకు కోసం ఆ మీట వేసి ఉన్నా, వైరు సరిగ్గా ఉన్నంతవరకు దీనికేమీ కాదు. పెట్టెలో మైకుతో పాటు స్టాండు క్లిప్పు, మర సైజు మార్చే చిన్న అడాప్టరు, జిప్పు సంచి ఉంటాయి. వైరు సాధారణంగా విడిగా కొనుక్కోవాలి. మైకు మీదే ఆన్-ఆఫ్ మీట ఉన్న రకం, లేని రకం రెండూ దొరుకుతాయి. లేనిదే తీసుకోండి. పాట మధ్యలో బొటనవేలు తగిలి మైకు ఆగిపోతే, తప్పు ఎక్కడుందో అని మిక్సరు దగ్గర వెతుకుతూ కూర్చోవాల్సి వస్తుంది.

ధ్వని విషయానికొస్తే, ఇది పట్టే పరిధి 50 నుంచి 15,000 హెర్ట్జ్ (హెర్ట్జ్ అంటే సెకనుకు కంపనాలు; అంకె పెరిగేకొద్దీ స్వరం సన్నబడుతుంది). 100 హెర్ట్జ్ కిందికి వెళ్లేకొద్దీ తగ్గుతుంది, 2,000 దాటాక క్రమంగా పెరిగి 5,000 చుట్టుపక్కల గుట్టలా లేస్తుంది. డ్రమ్స్, గిటార్ మోగుతున్నా మాట అర్థమయ్యేది ఆ గుట్ట వల్లే. హల్లుల అంచులన్నీ ఆ ప్రాంతంలోనే ఉంటాయి. గొంతులో సహజంగానే పదును ఉన్నవాళ్లకు మాత్రం అదే ఇబ్బంది: స, శ, ష చెవిని గీస్తాయి. మిక్సరులో 5,000 దగ్గర 2, 3 డీబీ (డెసిబెల్, ధ్వని స్థాయికి కొలత) తగ్గిస్తే సర్దుకుంటుంది. అంతకన్నా తగ్గిస్తే పాట తెర వెనక నుంచి వస్తున్నట్టుంటుంది. 10,000 పైన ఉండే గాలిలాంటి మెరుపు దీంట్లో తక్కువ. ట్రెబుల్ ఎంత పెంచినా అది రాదు, హోరు మాత్రం పెరుగుతుంది.

దూరం సంగతి ఇంకా ముఖ్యం. పెదవులు మైకు తల మీదున్న తీగల జాలీకి తగిలేంత దగ్గరగా ఉంటే 100 హెర్ట్జ్ దగ్గర 6 నుంచి 10 డీబీ అదనంగా వస్తుంది. సన్నటి గొంతుకు అది వరం. మంద్రంలో పాడేటప్పుడు నిండుదనం ఇస్తుంది. బరువైన గొంతుకు అదే బురద. మాటలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. మిక్సరులో మంద్ర ధ్వనులను కోసేసే లో-కట్ బటన్ ఉంటే ఎప్పుడూ నొక్కే ఉంచాలి, సర్దుకునే వీలుంటే 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర పెట్టాలి. అప్పటికీ బరువుగా ఉంటే 250 ప్రాంతంలో 3 డీబీ తీసేయాలి. అటుపక్క దూరం రెట్టింపైన ప్రతిసారీ మైకుకు చేరే గొంతు సుమారు 6 డీబీ పడిపోతుంది. 3 సెంటీమీటర్ల దగ్గర సౌండ్ సరిచూసుకుని, పాట మొదలయ్యాక 12 సెంటీమీటర్లకు జరిగితే 12 డీబీ పోయినట్టే. మిక్సరు దగ్గర ఉన్నతను దాన్ని పూడ్చడానికి మైకు సిగ్నల్‌ను పెద్దది చేసే గెయిన్ పెంచుతాడు, వెంటనే స్పీకరు ధ్వని మళ్లీ మైకులో పడి కూత పెడుతుంది. కాబట్టి సౌండ్ చెక్‌లో మెల్లగా ఒక పల్లవి పాడి వదిలేయకుండా, ఆ రోజు పాడబోయేవాటిలో అన్నిటికన్నా గట్టిగా ఎత్తుకునే చరణం పాడండి. మైకు ఎంత దగ్గర పట్టుకుంటారో అంతే దగ్గర పట్టుకుని పాడండి.

తెలుగులో పాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. ప, బ మాత్రమే కాదు, ఫ, భ లాంటి ఒత్తు పలుకులు ఇంకా ఎక్కువ గాలిని వదులుతాయి. ఆ గాలి నేరుగా పొరకు తగిలి స్పీకర్లో ‘దబ్’మంటుంది. గుండ్రటి జాలీ లోపల స్పాంజి పొర ఉంది కానీ అది గాలిని కొంతవరకే ఆపుతుంది. మైకును నోటికి తిన్నగా కాకుండా కాస్త కింద నుంచి, 30 నుంచి 45 డిగ్రీల వాలుగా పట్టుకుంటే గాలి జాలీ పైనుంచి పోతుంది, గొంతు మాత్రం లోపలికి పడుతుంది. స, శ మోత కూడా ఈ వాలుతో కొంత తగ్గుతుంది.

ఇక జాలీని గుప్పిట్లో బిగించి పట్టుకునే అలవాటు. ఈ మైకు ముందు నుంచి వచ్చే ధ్వనిని పట్టి, వెనక నుంచి వచ్చేదాన్ని వదిలేస్తుంది. ఆ పని చేసేది క్యాప్సూల్ వెనక వైపున్న సన్నటి రంధ్రాలు. వెనక నుంచి వచ్చిన ధ్వని వాటిలోంచి కూడా దూరి, పొరను రెండు వైపులా నొక్కి తనను తాను రద్దు చేసుకుంటుంది. అరచేత్తో జాలీ అడుగుభాగం మూసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. మైకు అన్ని వైపుల నుంచీ పడుతుంది, గొంతు ముక్కులోంచి వచ్చినట్టుంటుంది, కూత గ్యారంటీ. చెయ్యి జాలీ కిందున్న పిడి మీదే ఉండాలి. అదే కారణంతో, పాడేవాళ్లకు తమ గొంతు వినిపించే మానిటరు స్పీకరు సరిగ్గా మైకు తోక (వైరు తగిలించే చివర) చూసే దిక్కున, అంటే పాడేవాళ్ల ఎదురుగా ఉండాలి. పక్కకు పెడితే నష్టం.

కూత వచ్చినప్పుడు అందరూ ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచి తగ్గించే ఈక్వలైజరు మీద పడతారు. అది చివరి మాట. మైకు దగ్గరికి తీసుకోవడం, మానిటరు తిప్పడం, మానిటరుకు వెళ్లే స్థాయి తగ్గించడం, వాడని మైకులు మ్యూట్ చేయడం ముందు జరగాలి. అవన్నీ అయ్యాక కూడా కూస్తుంటే, ఏ ఫ్రీక్వెన్సీలో కూస్తోందో అక్కడ మాత్రం సన్నగా కోయాలి.

వైరు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మైకు పోయిందని పక్కన పడేసినవాటిలో చాలావాటికి అసలు జబ్బు వైరులోనే ఉంటుంది. మైకు వైరు చివరుండే మూడు పిన్నుల కనెక్టరు పేరు ఎక్స్‌ఎల్‌ఆర్. దాని పిన్నుల్లో 1 షీల్డుకు (తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు), 2 ప్లస్‌కు, 3 మైనస్‌కు. తెగేది ఎక్కువగా కనెక్టరు లోపల, టంకం పెట్టిన చోటే. వాల్యూమ్ తగ్గించి పెట్టి, రెండు చివరల దగ్గరా వైరును మెల్లగా వంచి చూడండి. బరబర వినిపించిన చివరే తెగింది. కనెక్టరు విప్పి, చివర ఒక అంగుళం కోసేసి, మళ్లీ టంకం పెడితే వైరు కొత్తదైనట్టే. 2, 3 తారుమారుగా అతికిస్తే ఒక్క మైకు వాడినప్పుడు తేడా తెలియదు. ఇద్దరు పక్కపక్కన పాడేటప్పుడు మాత్రం ఒక గొంతు రెండో మైకులోకి ఉల్టా వెళ్లి బేస్ మాయమవుతుంది. రెండు గొంతులూ సన్నబడిపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఒక చివర ఎక్స్‌ఎల్‌ఆర్, రెండో చివర జాక్ పిన్ను ఉన్న వైరుతో గిటార్ ఆంప్లిఫయరుకు తగిలిస్తే స్థాయి చాలదు, వైరు పొడవైతే గుర్రుమనే మోత కూడా చేరుతుంది. మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు అడాప్టరు ఉండాలి.

ఇంట్లో రికార్డింగుకు పనికొస్తుందా? గోడల ప్రతిధ్వని, ఫ్యాను మోత తక్కువ పట్టడం దీని మేలు. కానీ దీని నుంచి వచ్చే సిగ్నల్ చిన్నది. మెల్లగా పాడేవాళ్లకు 55, 60 డీబీ గెయిన్ కావాలి. మైకును కంప్యూటరుకు కలిపే మామూలు ఆడియో ఇంటర్‌ఫేసు అక్కడికి చేరేసరికి దాని సొంత హోరు వినిపిస్తుంది. గట్టిగా పాడేవాళ్లకు ఆ బాధ లేదు. వేణువు, తీగ వాయిద్యాల్లాంటి సున్నితమైనవాటికి చిన్న ధ్వనినీ బాగా పట్టే కండెన్సర్ రకం మైకే సరైనది. గిటార్ ఆంప్లిఫయరుకు, డ్రమ్ముకు షూర్‌దే మరో మైకు ఎస్‌ఎం57 మేలు. దానికి గుండ్రటి జాలీ లేదు కాబట్టి ఇంకా దగ్గరగా పెట్టొచ్చు.

పోటీదారుల్లో సెన్‌హైజర్ ఈ835 ఇంతకన్నా కాస్త వెలుగుగా పలుకుతుంది, దూరం మారినా బేస్ అంతగా మారదు. మైకును నోటి దగ్గర నిలకడగా ఉంచలేనివాళ్లకు అది నయం. షూర్‌దే బీటా 58ఏ సిగ్నల్ ఇంకా గట్టిగా ఇస్తుంది, పక్కల నుంచి తక్కువ పడుతుంది. కానీ సరిగ్గా వెనక నుంచి కొంత పడుతుంది కాబట్టి మానిటరును తోక దిక్కున కాకుండా ఇరుపక్కలా వెనక్కి, సుమారు 120 డిగ్రీల దగ్గర పెట్టాలి. ఆ సంగతి తెలియని చోట అది ఎస్‌ఎం58 కన్నా ఎక్కువ కూస్తుంది. రోజుకో కొత్త మనిషి స్పీకర్లు సర్దే పరిస్థితిలో 58 వైపే నా మొగ్గు.

జాలీ సొట్టపడితే కంగారు అక్కర్లేదు, దెబ్బ తాను తిని క్యాప్సూల్‌ను కాపాడటమే దాని పని. విడిగా దొరుకుతుంది, చేత్తో తిప్పి మార్చుకోవచ్చు. శుభ్రం చేయడానికి కూడా అలాగే ఊడదీయాలి. మైకును పక్కన పెట్టేసి, జాలీని మాత్రమే గోరువెచ్చటి నీళ్లు, కొద్దిగా గిన్నెల సబ్బుతో మెత్తటి బ్రష్షు పెట్టి కడగాలి. స్పాంజి పూర్తిగా ఆరడానికి ఒక రోజు వదిలేయాలి. తడి ఉండగా బిగిస్తే ఆ తేమ క్యాప్సూల్‌కు చేరుతుంది. జాలీ మైకుకే ఉండగా స్ప్రేలు కొట్టొద్దు. స్పాంజి నల్లటి పొడిగా రాలుతుంటే కడిగి లాభం లేదు, జాలీ మార్చాల్సిందే.

ఈ మైకుకు నకిలీలు విపరీతం. కొన్నాక ముందు తూకం వేయండి. వైరు లేకుండా 298 గ్రాములకు దగ్గరగా ఉండాలి. అసలుదానిలో పిడి లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, నకిలీల్లో తరచూ ఉండదు కాబట్టి తేలిపోతాయి. తర్వాత మిక్సరుకు తగిలించి ఒకే గొంతుతో, ఒకే దూరం నుంచి ముందు జాలీలోకి, తర్వాత తోక వైపు నుంచి మాట్లాడండి. వెనక నుంచి మాట్లాడినప్పుడు స్థాయి బాగా పడిపోవాలి. రెండు వైపులా దాదాపు ఒకేలా వినిపిస్తే బిల్లుతో సహా ఆ రోజే తిరిగి ఇచ్చేయండి.