ఇనామోతో ఆడిన ఊళ్ళు చూసొచ్చాం

2002 జూన్ 4, మంగళవారం, మధ్యాహ్నం రెండున్నర. హనుమకొండలో మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాను. జపాన్, బెల్జియం ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మ్యాచ్. జుట్టుకి బంగారు రంగు వేసుకున్న ఒక మిడ్‌ఫీల్డర్ బంతి తీసుకుని ఒక్కడే లోపలికి దూసుకెళ్ళి గోల్ కొట్టాడు. జపాన్ 2-1. అంతలో కరెంటు పోయింది. బెల్జియం సమం చేసి 2-2తో ముగిసిందని మర్నాడు పేపర్లో చూశాను. జపాన్‌కి ప్రపంచ కప్‌లో అదే మొదటి పాయింటు. ఐదు రోజుల తర్వాత రష్యా మీద గెలిచిన 1-0 మ్యాచ్‌లో కూడా గోల్ అతనిదే. అది జపాన్‌కి ప్రపంచ కప్‌లో మొదటి గెలుపు. పేరు జునిచి ఇనామోతో.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా అతను ఎక్కడ ఆడితే అక్కడి స్కోర్లు చూస్తూ వచ్చాను. యూరప్ క్లబ్బులు ఆర్సెనల్, ఫుల్‌హామ్, వెస్ట్ బ్రామ్, కార్డిఫ్, గలతసరాయ్, ఫ్రాంక్‌ఫర్ట్, రెన్. మళ్ళీ జపాన్‌కి వచ్చి కవాసకి, సప్పొరో, సగమిహార, చివరికి టోక్యో శివార్లలో ఐదో అంచె లీగ్. 2024తో ఆట మానేశాడు, 45 ఏళ్ళకి. మొన్న దసరా సెలవుల్లో మా అక్క కొడుకుని వెంటబెట్టుకుని, అతను జపాన్‌లో ఆడిన చోట్లు వీలైనన్ని చూసొచ్చాను. అలా వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదలు ఒసాకా. ఇనామోతో కగోషిమాలో పుట్టినా పెరిగింది ఒసాకా పక్కనున్న సకాయ్‌లో. 1997 ఏప్రిల్‌లో, పదిహేడున్నరేళ్ళకే గాంబా ఒసాకా అనే క్లబ్ తరఫున లీగ్‌లోకి వచ్చాడు. గాంబా ఇప్పుడు ఆడే సుయిటా స్టేడియం 2016లో తెరిచారు. కట్టడానికి డబ్బు చాలావరకు విరాళాల నుంచే వచ్చింది. సీట్లు గ్రౌండ్‌కి బాగా దగ్గర. కానీ ఇనామోతో ఆడింది దీనిలో కాదు, పక్కనే 1970 ఎక్స్‌పో పార్కులో ఉన్న పాత స్టేడియంలో. మోనోరైల్ దిగి బయటికి రాగానే డెబ్బై మీటర్ల సూర్య స్తంభం రెండు చేతులూ చాచుకుని కనిపిస్తుంది. మేం వెళ్ళినప్పుడు పార్కు టికెట్ 260 యెన్లు. కొత్త స్టేడియం ఒక్కటే చూసి వచ్చేయకండి. పాత స్టేడియం కంచె దగ్గర కాసేపు నిలబడితే, పదిహేడేళ్ళ కుర్రాడికి ఆ ట్రాక్ అవతలి స్టాండ్లు ఎంత దూరంగా అనిపించి ఉంటాయో తెలుస్తుంది.

ఒసాకాలో బస మాత్రం బాగా ఇబ్బంది పెట్టింది. స్టేషన్ దగ్గరి బిజినెస్ హోటల్‌లో నాన్ స్మోకింగ్ అని బుక్ చేస్తే, ఇచ్చిన గదిలో దుప్పట్లు కూడా సిగరెట్ వాసన. వేరే గది లేదన్నారు. మన దగ్గర ఉన్న బుకింగ్ కాగితం చూపించినా తలవంచి క్షమాపణ చెప్పారు తప్ప గది మార్చలేదు. రెండు రాత్రులు కిటికీ తెరుచుకుని పడుకున్నాం. బుక్ చేసేటప్పుడు మొత్తం హోటలే నాన్ స్మోకింగ్ అయిందో లేదో చూసుకోండి.

అదే హోటల్ నుంచి చేసిన ఒక పని మాత్రం అద్భుతంగా జరిగింది. రెండు సూట్‌కేసులూ టక్యూబిన్ పార్సిల్‌లో కవాసకి హోటల్‌కి పంపించాం. ఒక్కోదానికి సుమారు 2,500 యెన్లు. మర్నాడు మేం చేరేసరికి కౌంటర్ వెనక మా పేర్ల చీటీలతో నిలబడి ఉన్నాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ ఖర్చుకి వెనకాడొద్దు. ఇంకోటి, ఏడు రోజుల రైల్ పాస్ మేం వెళ్ళినప్పుడు 50,000 యెన్లు. మాలాగా ఒక వైపే ప్రయాణం చేసేవాళ్ళకి దండగ. నోజోమి బుల్లెట్ రైలుకి విడి టికెట్ తీసుకుంటే మూడో వంతు కూడా కాదు.

చేతిలో చిన్న బ్యాగులే కాబట్టి షిన్ యొకొహామాలో దిగి నేరుగా స్టేడియానికి నడిచాం, పావుగంట దూరం. రష్యా మీద ఆ గోల్ పడింది ఇక్కడే. ఆ ఏడాది ఫైనల్ కూడా ఇక్కడే. ఈ స్టేడియం స్తంభాల మీద నిలబడి ఉంటుంది. పక్కనున్న త్సురుమి నదికి వరద వస్తే నీళ్ళు కిందికి వచ్చి చేరేలా కట్టారు. 2019లో పెద్ద తుఫాను వచ్చిన మర్నాడే పైన రగ్బీ ప్రపంచ కప్ మ్యాచ్ ఆడారు. లోపలికి టూర్ ఉంది, వివరణంతా జపనీస్‌లో. భాష రాకపోయినా డ్రెస్సింగ్ రూములు చూడ్డానికి వెళ్ళొచ్చు.

బెల్జియం మ్యాచ్ జరిగిన సైతామా స్టేడియానికి ఇంకో రోజు వెళ్ళాం. ఉరావా మిసోనో రైల్వే లైను చివరి స్టేషన్, అక్కడి నుంచి ఇరవై నిమిషాల నడక. మ్యాచ్ లేని రోజు అక్కడ ఏమీ ఉండదు. నాకు ఆ చోటంటే ఎంత ఇష్టమున్నా, తక్కువ రోజులున్నవాళ్ళకి వెళ్ళమని చెప్పను.

కవాసకిలో బస వల్ల చాలా కలిసొచ్చింది. గది చిన్నదే, కానీ శుభ్రం. రాత్రికి 9,000 యెన్లు, వారాంతంలో ఎక్కువ. అక్కడి నుంచి యొకొహామా, టోక్యో, తొదొరొకి స్టేడియం అన్నీ దగ్గరే. ఇనామోతో 2010 నుంచి 2014 వరకు కవాసకి క్లబ్ ఫ్రొంటాలేకి ఆడింది తొదొరొకిలోనే. మేం మ్యాచ్ చూసిన ఒకే ఒక్క చోటు అది. స్టేడియం బయట తిండి దుకాణాల వరస పెద్దది, కానీ మాంసం తిననివాళ్ళకి బంగాళదుంప వేపుళ్ళు తప్ప ఏమీ దొరకలేదు. ముందే కన్వీనియన్స్ స్టోర్‌లో ఉమెబొషి ఓనిగిరి, అంటే ఊరబెట్టిన ఉమె పండు పెట్టిన అన్నం ముద్ద, కొనుక్కోండి. ఉప్పూ పులుపూ కలిసి మన ఊరగాయ ముద్దలాగే ఉంటుంది.

పక్క సీట్లో అరవై దాటిన పెద్దాయన. నేను "ఇనామోతో" అనగానే "ఇనా!" అని నా వైపు పూర్తిగా తిరిగాడు. ఫోన్‌లో ఏదో మాట్లాడి అనువాదం చూపించాడు: "మేం మొదటిసారి గెలిచిన ఏడాది ఇనా ఇక్కడ లేడు." నిజమే, ఫ్రొంటాలే మొదటి లీగ్ టైటిల్ 2017లో. గాంబా మొదటిది 2005లో, అప్పుడూ లేడు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, కాసేపాగి మళ్ళీ తీసి, "అయినా ముందు వాళ్ళు దారి వేశారు" అని చూపించాడు. మా వాడు ఆయనతో ఫొటో దిగాడు.

సగమిహార వెళ్ళే సగామి లైను రైల్లో తలుపులు వాటంతట అవి తెరుచుకోవు, బటన్ నొక్కాలి. మేం తెలియక నిలబడితే వెనకనున్న స్కూలు పిల్ల చేయి చాచి నొక్కింది. స్టేడియం ఒక పార్కులో ఉంది, చిన్నది. 2020లో సగమిహార క్లబ్ మూడో అంచె నుంచి రెండో అంచెకి వెళ్ళినప్పుడు జట్టులో ఇనామోతో ఉన్నాడు, వయసు 41. ఒక పూట చాలు.

చివరి మజిలీ టోక్యో తూర్పున కత్సుషికా. ఇనామోతో 2022లో ఇక్కడి నాంకత్సు ఎస్‌సీ క్లబ్‌లో చేరాడు. కెప్టెన్ త్సుబాసా కామిక్‌లోని జట్టు పేరునే ఈ క్లబ్‌కి పెట్టారు, ఆ కథ గీసిన యోయిచి తకహాషి ఊరు ఇదే. కవాసకి నుంచి కెయిక్యూ రైలు నేరుగా ఇటు వస్తుంది, కానీ వేగంగా వెళ్ళే రైళ్ళు యోత్సుగిలో ఆగవు. మేం అవోతో దాకా వెళ్ళిపోయి వెనక్కి వచ్చాం. యోత్సుగి స్టేషన్ మొత్తం ఆ కథలోని బొమ్మలే. వీధుల్లో కంచు విగ్రహాలు. మా వాడు ప్రతి విగ్రహం పక్కనా అదే భంగిమలో నిలబడ్డాడు.

అక్కడి నుంచి తతెయిషి మీదుగా, నకా నది వంతెన దాటి ఒకుదో గ్రౌండ్‌కి నడిచాం. ఆ రోజు మ్యాచ్ లేదు. ట్రాక్ మీద ముసలివాళ్ళు నడుస్తున్నారు. గోల్ పోస్టుల ముందు గడ్డి అరిగిపోయి మట్టి తేలింది. ఇది మునిసిపల్ గ్రౌండ్.

"మామయ్యా, వరల్డ్ కప్‌లో గోల్ కొట్టినాయన ఇక్కడ ఆడాడా?"

"మూడేళ్ళు ఆడాడ్రా."

వాడు కంచె పట్టుకుని చాలాసేపు చూశాడు. మూడు ప్రపంచ కప్పులకి ఎంపికై, దేశం తరఫున 82 మ్యాచ్‌లు ఆడిన మనిషి, నలభై దాటాక ఈ మట్టిలో పరిగెత్తాడంటే, ఆట మీద ఎంత ఇష్టం ఉండాలి! సైతామాలో అరవై మూడు వేల సీట్ల ముందు కలగని కదలిక నాకు ఇక్కడ కలిగింది. టోక్యోలో మీకు ఒక్క రోజే ఉంటే, ఇక్కడికే రండి.

రాత్రి బస ఆ పక్కనే, తతామి చాపల గదులున్న పాత ఇంట్లో. బాత్‌రూమ్ ఉమ్మడి, మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కష్టం. కానీ నడిపే ఆవిడ మేం మాంసం తినమని విని, పొద్దున్నే అన్నం, ముల్లంగి పచ్చడి, వేయించిన తోఫు పెట్టింది. తొమ్మిది రోజుల్లో కడుపు నిండా తిన్నది ఆ పూటే.

విదేశీ మజిలీల్లో నేను చూసింది లండన్ ఒక్కటే, అదీ ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడు. ఆర్సెనల్‌కి ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు కానీ, వాళ్ళ పాత స్టేడియం హైబరీ చూడాలనిపించింది. ఇప్పుడక్కడ స్టాండ్లన్నీ ఫ్లాట్లు, మధ్యలో గ్రౌండ్ ఉన్నచోట తోట. ఫుల్‌హామ్ అభిమానులు ఆ క్లబ్ సొంత గ్రౌండ్ క్రేవెన్ కాటేజ్‌కి వెళ్తారు, కానీ ఇనామోతో కోసమైతే లోఫ్టస్ రోడ్‌కి వెళ్ళాలి. కాటేజ్ బాగుచేస్తున్న రోజుల్లో ఫుల్‌హామ్ అక్కడే ఆడింది. 2002 ఆగస్టులో ఇటలీ క్లబ్ బొలోన్యా మీద, యూరప్ క్లబ్బుల ఇంటర్‌టోటో కప్ ఫైనల్లో అతను మూడు గోల్స్ కొట్టింది ఆ గ్రౌండ్‌లోనే. ఇళ్ళ మధ్య ఇరుక్కున్న స్టేడియం. బయట గోడ మీద చేయి పెట్టి కాసేపు నిలబడి వచ్చాను.

సప్పొరో మిగిలిపోయింది. విమానం ఖర్చు కలిపితే బడ్జెట్ దాటింది. అక్కడి డోమ్‌లో గడ్డి మైదానం మొత్తాన్ని గాలి ఒత్తిడితో తేల్చి లోపలికీ బయటికీ జరుపుతారు. మా వాడు అది చూడందే ఊరుకోనంటున్నాడు. వచ్చే వేసవి సెలవులకి టికెట్ల ధరలు ఇప్పటినుంచే చూస్తున్నాం.