చిన్న కుక్క కోసం హైదరాబాద్ వెళ్లొచ్చాం: షాపులో డబ్బు పోయింది, ఫోస్టర్ ఇంట్లో కుక్క దొరికింది

ముందే చెప్పేస్తున్నాను. ఫ్లాట్‌లో పెంచుకోవడానికి చిన్న కుక్క కావాలని వెతుకుతున్నవాళ్లు ఫోన్‌లో వీడియో చూసి ఏ పెట్ షాపుకూ అడ్వాన్సు కట్టకండి. మొన్న ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్లి ఒకే రోజున మోసం, మంచితనం రెండూ చూసొచ్చాం.

కుక్క అమ్మకు తోడుగా. మాది మూడో అంతస్తు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, లాగే కుక్కను పట్టుకోలేదు. అందుకని ఏడెనిమిది కిలోలు దాటకూడదనుకున్నాం. మా ఆవిడ పగ్ కావాలంది. చప్పిడి ముక్కు కుక్కలకు ఖమ్మం ఎండల్లో ఊపిరాడదు, వద్దన్నాను. ఆ అలక దారి పొడవునా ఉంది. కారు బావమరిదిది. సూర్యాపేటలో టిఫిన్, పంతంగి టోల్ దగ్గర కాస్త ఆలస్యం, పదిన్నరకల్లా ఊళ్లో ఉన్నాం.

ఇక షాపు సంగతి. ‘టీకప్ పమేరియన్, అరవై రోజుల పిల్ల, టీకాలు అయిపోయాయి’ అని షాపువాడు ఇన్‌స్టాలో వీడియో పెట్టాడు. ధర 18,000. బావమరిది బేరమాడితే 14,000కు దిగాడు. శనివారం దాకా వేరేవాళ్లకు ఇవ్వకుండా ఆపాలంటే 2,000 పంపమన్నాడు, పంపాం. తీరా వెళ్లాక ‘పేపర్లకు ఇంకో ఆరు వేలు సార్’ అన్నాడు. తల్లిని చూపించమంటే ఫామ్‌లో ఉందన్నాడు. ఫామ్ ఎక్కడంటే బెంగళూరు. పైగా ‘ఇంపోర్టెడ్ లైన్’ అట, అంటే విదేశీ కుక్కల సంతతి. అమ్ముకోవడానికి, పిల్లలు పెట్టించడానికి విదేశీ కుక్కల్ని తెప్పించుకోవడాన్ని కేంద్రం 2016 ఏప్రిల్‌లోనే ఆపేసింది. మన దగ్గర పమేరియన్ అని పిలిచేవాటిలో చాలా భాగం ఇండియన్ స్పిట్జ్‌లే. మంచి కుక్కే, మన వాతావరణానికి అలవాటుపడిందే. దానికి ఇంపోర్టెడ్ ధర ఎందుకు కట్టాలి? టీకప్ అనేది అసలు జాతే కాదు. పిల్ల ఎంత చిన్నగా కనబడితే అంత ధర పలుకుతుందని తల్లి పాలు మానకముందే తెచ్చి గాజు డబ్బాలో పెడతారు.

అమ్మ అప్పటిదాకా స్టూలు మీద కూర్చుని ఏమీ మాట్లాడలేదు. పిల్లను ఒళ్లోకి తీసుకుని బొటనవేలితో పెదవి పైకెత్తి చూసింది. పుట్టింట్లో గొడ్లను కొనేటప్పుడు తాతయ్య పళ్లు చూసేవాడు, ఆ అలవాటు ఆమెకూ ఉంది. ముందు పళ్లు అప్పుడే చిగురు చీల్చుకుని బియ్యపు నూకల్లా కనబడుతున్నాయి. వెనక దవడ పళ్లు ఒక్కటీ లేవు. ‘ఇది నెల పిల్ల కదయ్యా, రెండు నెలలంటావేంటి?’ అంది. అమ్మ లెక్క కరెక్టే. ఎనిమిది వారాలకు కుక్కపిల్లకు 28 పాలపళ్లూ వచ్చేస్తాయి.

టీకా పుస్తకం అడిగాను. డాక్టరు టీకా వేస్తే సీసా మీది లేబులు ఊడదీసి పుస్తకంలో అంటిస్తారు, సంతకం, స్టాంపు వేస్తారు. ఇందులో లేబుళ్లు లేవు. నీలం పెన్నుతో రెండు తేదీలు, పక్కన ఒక గీత. మొదటి తేదీ నాటికి ఆ పిల్ల పుట్టి కూడా ఉండదు. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంచేవాళ్లకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు చెప్పమంటే ‘ఇవన్నీ అడిగేవాళ్లు మాకొద్దన్నా’ అంటూ అమ్మ ఒళ్లోంచి పిల్లను లాక్కున్నాడు. అడ్వాన్సు మాత్రం తిరిగివ్వడట.

బయటికొచ్చాక అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ‘కొనేద్దాం రా, అక్కడే ఉంటే చచ్చిపోతుంది’ అంది. టీకా లేని పిల్లకు పార్వో అనే వైరస్ జబ్బు వస్తే నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది, ఆమె భయం నిజమే. కానీ మనం కొంటే ఆ డబ్బుతో ఇంకో నెల పిల్ల వచ్చి అదే డబ్బాలో కూర్చుంటుంది. ఆ మాటే చెప్పి కారెక్కించాను. చాలాసేపు నాతో మాట్లాడలేదు.

మధ్యాహ్నం సైనిక్‌పురి వైపు ఒక ఫోస్టర్ ఇంటికి వెళ్లాం. యజమానులు వదిలేసిన కుక్కల్ని, కొత్త ఇల్లు దొరికేదాకా తమ ఇంట్లోనే పెట్టుకుని చూసేవాళ్లను అలా అంటారు. ఈ మేడమ్‌తో వారం ముందే మాట్లాడాం. మా బాల్కనీ గ్రిల్లు వీడియో కాల్‌లో చూపించమన్నప్పుడు మా ఆవిడకు చిరాకేసింది. అక్కడికెళ్లాక మళ్లీ ప్రశ్నలు. పగలు ఇంట్లో ఎవరుంటారు? ఊరెళితే ఎవరి దగ్గర వదులుతారు? ‘అమ్మగారికి ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు?’ అని అడిగినప్పుడు నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ ‘నేను చూస్తానండీ’ అంది. పగ్ అలక అక్కడితో పోయింది.

స్వీటీ నాలుగేళ్ల ఆడ స్పిట్జ్. 6.2 కిలోలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. ఎక్కడ మూత్రానికి వెళ్లాలో తెలుసు. దాన్ని పెంచినవాళ్లు అమెరికా వెళ్లిపోతూ వదిలేశారట. వచ్చి అమ్మ కాళ్లు వాసన చూసి, చీర కుచ్చిళ్ల మీద గడ్డం ఆనించి పడుకుంది. కుక్కకు డబ్బు తీసుకోలేదు. ఆ నెలలోనే వేయించిన రేబిస్, 9-ఇన్-1 (పలు జబ్బులకు కలిపి వేసేది) టీకాలకు రసీదు చూపించి 1,350 తీసుకున్నారు. ఏ కారణంతో వద్దనుకున్నా తిరిగి తనకే ఇవ్వాలి, అమ్మకూడదు అని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అది పడుకునే పాత దుప్పటి కూడా ఇచ్చి, ‘ఈ ఒక్క రాత్రి ఊళ్లోనే ఉండండి, తిండి ముట్టకపోతే నేనే వచ్చి తీసుకెళ్తా’ అన్నారు. ఇంత పద్ధతిగా కుక్కను ఇచ్చేవాళ్లుంటారని నేను అనుకోలేదు. ఆ ప్రశ్నలకు విసుక్కోకండి. ఏమీ అడక్కుండా ఇచ్చేసేవాళ్లనే అనుమానించండి.

ఆ రాత్రి లాడ్జి మాత్రం దండగ. ఫోన్‌లో కుక్క ఉన్నా పర్లేదన్నారు, గది 1,800. తాళం ఇచ్చేటప్పుడు ‘క్లీనింగ్’ పేరుతో ఇంకో 700, రసీదు లేకుండా. దుప్పట్లకు తల నూనె మరక, బాత్రూంలో కుళాయి కారుతూనే ఉంది. రాత్రి పదింటికి మేనేజరు తలుపు కొట్టి, పక్క గదివాళ్లు ఒప్పుకోవట్లేదు, కుక్కను కారులో పడుకోబెట్టండి అన్నాడు. స్వీటీ అప్పటిదాకా ఒక్కసారి కూడా మొరగలేదు. అమ్మ దాన్ని ఎత్తుకుని కిందికెళ్లి రిసెప్షన్ సోఫాలో కూర్చుంది. ‘దీంతో నేనూ ఇక్కడే పడుకుంటా, నువ్వెళ్లు బాబూ’ అంది. పది నిమిషాల్లో అతనే బతిమాలి పైకి పంపాడు. కుక్కతో వెళ్లేవాళ్లు లాడ్జి ఒప్పుకున్న సంగతి, చార్జీతో సహా, వాట్సాప్‌లో రాయించుకోండి. పొద్దున్నే స్వీటీ పెరుగన్నం తింది, మేడమ్‌కు ఫొటో పంపాం.

ఆదివారం డాక్టరుకు చూపించాం. ఫీజు 500, గోమార్ల మందు 380. మోసుకెళ్లే బ్యాగు 1,100. మధ్యాహ్నానికి ఖమ్మం.

వీధికుక్క పిల్లనైనా పెంచుకుంటాం అనేవాళ్లకు దారి ఇంకా సులువు. 1992 నుంచి ఉన్న బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలు దత్తత ఇస్తాయి. 2025 ఆగస్టులో జీహెచ్ఎంసీ కూడా బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో ఉచితంగా వీధికుక్క పిల్లల్ని దత్తతకిచ్చింది. గట్టి కుక్కలు, మన ఎండ తట్టుకుంటాయి. కానీ పెరిగాక చాలావరకు పదిహేను కిలోల దాకా వస్తాయి, మా అమ్మలాంటివాళ్లకు పట్టుకోవడం కష్టం. చిన్నదే కావాలంటే పిల్ల కోసం చూడకుండా, ఇల్లు పోగొట్టుకున్న, ఎదిగిన స్పిట్జ్ ఉందేమో అడగండి. సైజు కళ్లెదుటే ఉంటుంది, స్వభావం తెలుస్తుంది, మొదటి ఏడాది టీకాల ఖర్చు తప్పుతుంది. ఏటా వేయించాల్సిన రేబిస్ టీకా జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. ఇంకో మాట, ‘ఉచిత దత్తత, రవాణా చార్జీ 1,999 మాత్రమే’ అని క్యూఆర్ కోడ్ పంపేవాళ్లకు రూపాయి కూడా వేయకండి. బావమరిదికి అలాంటి మెసేజ్ వచ్చింది, కుక్కను వీడియో కాల్‌లో చూపించమనగానే ఆ పంపినవాడు బ్లాక్ చేశాడు.

స్వీటీ మీద పెట్టింది 3,330. లాడ్జి 2,500, పెట్రోలు, టోళ్లు 3,150 కలిపితే మొత్తం 8,980, తిండి ఖర్చు కాక. షాపువాడి పిల్లకు పేపర్లతో కలిపి 20,000 అయ్యేది. వాడి దగ్గర ఇరుక్కున్న 2,000 కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాం. చెల్లింపు స్క్రీన్‌షాట్, టీకా పుస్తకం ఫొటో రెండూ బావమరిది ఫోన్‌లో ఉన్నాయి. డబ్బు వచ్చేదాకా వదలం.