ఫోన్లో మందు మానడం: ఏఏనా, స్మార్టా?

భీమవరం పక్కన రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా ఉండేవాడు మందు మానేవాళ్ల మీటింగుకి ఎక్కడికని వెళ్తాడు? ఫోన్లోనే చూసుకోవాలి. అందులో ఏది అన్నదే ప్రశ్న.

1935లో అమెరికాలో పుట్టిన ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్‌ది 12 మెట్ల దారి. తాగుడు ముందు నా వల్ల కాలేదని ఒప్పుకోవడంతో మొదలు. దేవుడి ఊసుంటుంది, కానీ ఎవరి దేవుడు వారిదే. అసలు బలం స్పాన్సర్: ముందే మానేసిన మనిషి, ప్రాణం లాగినప్పుడు ఫోన్ చేసుకోవచ్చు. ఇంటిపేరు చెప్పక్కర్లేదు, కెమెరా ఆపేసుకోవచ్చు. ఊరంతా బాబాయ్, మామయ్య వరసలే ఉండే మన దగ్గర ఇది చిన్న సంగతి కాదండోయ్.

1994లో మొదలైన స్మార్ట్ రికవరీలో మెట్లూ లేవు, స్పాన్సరూ లేడు. కాగితం మీద నాలుగు గళ్లు గీయిస్తారు: తాగితే లాభం, నష్టం, మానితే లాభం, నష్టం. "తాగితే నిద్ర పడుతుంది" అని లాభం గడిలో దాచకుండా రాయనిస్తారు, నాకు నచ్చింది అదే. చిక్కల్లా, సరంజామా ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది.

ఒంటరివాడికైతే నా ఓటు ఏఏకే.

పొద్దున్నే చేతులు వణికేవాళ్లు మాత్రం ఉన్నపళంగా మానకూడదు, ఫిట్స్ రావచ్చు. ముందు డాక్టరు, లేదా మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్.